మూడు తరాల కొట్టంలో ఎవరి మాట చెల్లాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు చెప్పి, తరువాత సమాధానంలోకి వస్తాను. మీది కందుకూరు ప్రాంతంలో మెట్ట పల్లె. 8 ఎకరాల భూమి ఉంది, అందులో బోరు నీరు పారేది 2 ఎకరాలకే. కొట్టంలో 6 ఒంగోలు ఆవులు, ఒక జత ఎద్దులు, 4 గేదెలు ఉన్నాయి. దొడ్డిలో 120 గొర్రెలు ఉన్నాయి. ఇంట్లో మీ భర్త తాతగారు, మీ అత్తమామలు, మీరిద్దరు, ఇద్దరు పిల్లలు. మీ భర్త చెన్నైలో ఉద్యోగం మానుకొని వచ్చి రెండేళ్ళయింది. ఒంగోలు ఆవులను అమ్మివేసి, బ్యాంకు అప్పుతో 10 సంకరజాతి ఆవులను కొనాలని మీ దంపతుల ఆలోచన. ఆ మాట ఎత్తిన రోజు తాతగారు అన్నం ముట్టలేదు, మామగారు ఆనాటి నుంచి ముభావంగా ఉంటున్నారు. ఏ పశువు లాభమో చెప్పమనీ, పెద్దలతో పేచీ లేకుండా కొట్టాన్ని నడిపే దారి చెప్పమనీ అడిగారు.

నేను 31 ఏళ్ళ కిందట గుండ్లకమ్మ ఏటి దాపు ఊరికి కోడలిగా వచ్చిన మనిషిని. అప్పట్లో మా కొట్టంలో నా మాటకు విలువ ఉండేది కాదు. అదే కొట్టాన్ని ఇప్పుడు నేనూ మావారూ నడుపుతున్నాము, మా కోడలి మాట వినవలసిన వంతు నాకు వచ్చింది. నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఈ సంవత్సరం ఏ పశువునూ అమ్మకండి, ఏ పశువునూ కొనకండి. ఒక పుస్తకం పెట్టండి. తగువంతా ఒంగోలు ఆవుకూ సంకర ఆవుకూ మధ్యనే ఉన్నదని మీరు అనుకుంటున్నారు గాని, మీరు ఇంత వివరంగా రాసినా అందులో ఏ ఆవు ఎన్ని లీటర్లు ఇస్తున్నదో, ఏ గేదె ఎన్ని నెలలకు ఈనుతున్నదో, నిరుడు ఎన్ని గొర్రెపిల్లలు పుట్టి ఎన్ని దక్కాయో ఒక్క అంకె కూడా లేదు. అంకెలు లేని ఇంట్లో పెద్దవారు వయసుతో మాట్లాడతారు, చిన్నవారు విసుగుతో మాట్లాడతారు.

ఈ సంగతి మాకు 11 గొర్రెపిల్లలు పోయాక తెలిసింది. నా పెళ్ళయిన ఆరో ఏట, మే నెలలో జీవాలకు చిటుకు రోగం టీకా వేయించవలసి ఉంది. ఊళ్ళోకి పశువుల ఆసుపత్రి వారు వచ్చిన రోజు మావారు పొలంలో ఉన్నారు. మామగారు ఇంటి దగ్గరే ఉన్నారు గనుక వేయించే ఉంటారని ఈయన అనుకున్నారు. మందను ఆసుపత్రికి తోలుకుపోయి వేయిస్తానని కొడుకు అన్న మాట గుర్తుంచుకొని, ఆ పని అయిపోయిందని మామగారు అనుకున్నారు. తొలకరి పడింది, బీళ్ళలో లేత పచ్చిక లేచింది, పిల్లలు ఆశగా మేశాయి. చిటుకు రోగం బక్క పిల్లను వదిలి బాగా బలిసిన పిల్లనే ముందు పట్టుకుంటుంది; రాత్రి గంతులు వేసిన పిల్ల తెల్లవారేసరికి మెడ వెనక్కు వాల్చి పడి ఉంటుంది. మొదటి రోజు 4, మరునాటికి మొత్తం 11 పోయాయి. డాక్టరుగారు ఒకదాన్ని కోసి చూపినప్పుడు మూత్రపిండాలు నానిన చింతపండులా వేలికి జారిపోయాయి. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. "నువ్వు వేయించావనుకున్నాను" అని ఒకరు, "మీరు వేయించారనుకున్నాను" అని ఒకరు, అంతే.

మరుసటి వారం నేను 200 పేజీల పొడుగు నోటుపుస్తకం కొని, మూలకు చిల్లు పెట్టి, పురికొసతో కొట్టం దూలానికి ఉన్న మేకుకు తగిలించాను. పెన్సిలును కూడా ఆ కొసకే కట్టాను. పాలు పిండిన తడి చేతులతో పట్టుకుంటే సిరా అలుక్కుపోతుంది. పెద్ద పశువుకు ఒక్కోదానికి ఒక్కో పేజీ, గొర్రెలకు మందగా కొన్ని పేజీలు కేటాయించాను. ఇప్పుడైతే పశువుల చెవులకు వేసే పసుపు పోగుమీద 12 అంకెలు ఉంటాయి. చివరి నాలుగు అంకెలు పేజీ తలకట్టులో రాసుకుంటే చాలు. ఆ కింద తల్లి, తండ్రి, పుట్టిన తేదీ, ఎదకు వచ్చిన తేదీ, ఆంబోతుకు కట్టించిన లేదా సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన తేదీ, చూడి నిర్ధారణ, ఈనిన తేదీ, వేసిన టీకా, తాగించిన నట్టల మందు రాయాలి. పాలు రోజూ కొలిచి రాయాలంటే ఎవరికీ ఓపిక ఉండదు. నెలకు రెండు రోజులు, రెండు పూటలూ కొలిస్తే సరిపోతుంది. ఖర్చులూ రాబడులూ ఈ పుస్తకంలో రాయకండి, వాటికి ఇంట్లో వేరే పుస్తకం ఉండాలి. కొట్టం పుస్తకం పాలేరుతో సహా అందరికీ కనబడేది.

మా అత్తగారికి చదువు రాదు. పుస్తకం పెట్టిన కొత్తలో ఆమె దాన్ని తనను పక్కకు నెట్టే ఎత్తుగడ అనుకున్నారు. అయితే మా గేదెలు ఎదకు వచ్చిన సంగతి పసిగట్టగలిగింది ఆమె ఒక్కరే. గేదెకు తరచుగా మూగ ఎద వస్తుంది. అరవదు, తీగ (ఎదలో కారే జిగురు) కూడా సరిగా వేయదు, చల్లటి వేళలో, అంటే రాత్రిపూటో తెల్లవారుజామునో కొద్దిగా తేడా చూపి ఊరుకుంటుంది. ఆ ఒక్క పూట తప్పిపోతే మళ్ళీ 21 రోజులు పాలు లేని మేత దండగ. నాలుగింటికి లేచే అత్తగారు ఆ తేడా కనిపెట్టి, ఆ గేదె కట్టుకొయ్యకు ఎదురుగా గోడమీద బొగ్గుతో ఒక గీత గీసేవారు. పొద్దున్నే నేను ఆ గీతను తేదీతో పుస్తకంలోకి ఎక్కించేదాన్ని. ఏడాది తిరిగేసరికి మా గేదెల ఈతకూ ఈతకూ మధ్య వ్యవధి ఏడాదిన్నర నుంచి 14 నెలలకు దగ్గరైంది. ఆ ఘనత ఎవరిదో పుస్తకంలోనే ఉంది గనుక, ఆమె అలక కూడా దానంతట అదే తీరిపోయింది.

ఇక ఎవరి మాట చెల్లాలన్నది. అన్ని విషయాల్లో అందరూ కూర్చొని నిర్ణయించుకోవాలని చెప్పేవారుంటారు. పశువుల దగ్గర అది సాగదు, ఈనలేక నొప్పులు పడుతున్న ఆవు దగ్గర సభ పెట్టలేము. పనిని బట్టి చివరి మాట ఒక్కరిదే కావాలి, మిగిలినవారు సలహా చెప్పి తప్పుకోవాలి. మీ ఇంటి సంగతి చూస్తే, ఏ పెయ్యను ఉంచుకోవాలి, ఏ కోడెను గిత్తగా పెంచాలి అన్నది తాతగారికి వదిలేయండి. మూపురం, గంగడోలు, కాలి గిట్ట చూసి దూడ రేపు ఏమవుతుందో చెప్పగలిగే కన్ను ఇప్పుడు మన జిల్లాల్లో అరుదు. పాలు, ఎద, దూడల పెంపకం అత్తగారివి. మేత పైరు, కొనుగోలు, అమ్మకం మీ భర్తవి. మంద మేపు, కాపరి జీతం, ఎరువు కోసం పొలాల్లో మంద కట్టించే బేరం మామగారివి. టీకాలు, మందులు, రెండు పుస్తకాలు మీవి. 50,000 రూపాయలు దాటే ఏ ఖర్చయినా, ఏ అప్పయినా మీ అయిదుగురూ ఒప్పుకుంటేనే జరగాలి. ఈ పంపకాన్ని కూడా పుస్తకం మొదటి పేజీలో రాసి, ఏడాదికొకసారి మార్చుకోండి.

పుస్తకం పెద్దవారిని ఓడించడానికి కాదని మీ మామగారికి నమ్మకం కలగాలి. మా మామగారికి ఒక నెల్లూరు జోడిపి పొట్టేలు ఉండేది. ఎత్తయినది, కళ్ళచుట్టూ నల్లటి కాటుకతో చూడముచ్చటైనది, ఆరేళ్ళు దాన్నే మందకు వదిలారు. దాని కూతుళ్ళకూ అదే పొట్టేలు కట్టేది. వద్దని మావారు నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినలేదు. నేను వాదించలేదు. పుట్టిన ప్రతి పిల్లనూ గోనెసంచిలో పెట్టి స్ప్రింగు త్రాసుకు వేలాడదీసి, తూకం రాస్తూ వచ్చాను. కొత్తలో 3 కిలోలకు అటూ ఇటూ పుట్టిన పిల్లలు చివరి ఏట చాలావరకు రెండుంపావు దగ్గర ఆగాయి. ఒక సాయంత్రం ఆయనే పుస్తకం తెప్పించుకొని, మా ఆడపడుచుతో చదివించుకొని, వారం తిరగకుండా ఆ పొట్టేలును తానే సంతకు తోలుకుపోయారు. పాతిక ముప్పై గొర్రెలకు ఒక పొట్టేలు చొప్పున, రెండేళ్ళకొకసారి వేరే మంద నుంచి మార్చుకోవాలన్న నియమాన్ని ఆ తరువాత ఆయనే మా ఇంట్లో పెట్టారు. మీకు 120 గొర్రెలు గనుక నాలుగైదు పొట్టేళ్ళు కావాలి. ఎన్ని ఉన్నాయో మీరు రాయలేదు.

ఇప్పుడు జాతి సంగతి. పాల లెక్కలో ఒంగోలు ఆవు నిలవదు, దానిలో దాపరికం లేదు. మంచి మేపు మీద రోజుకు మూడు నాలుగు లీటర్లు, అదీ ఎనిమిది తొమ్మిది నెలలు. ఎద్దులకు ఉన్న గిరాకీని ట్రాక్టరు తినేసింది; బండలాగుడు పోటీలకు తయారుచేసే గిత్తలకు మాత్రం మంచి ధర పలుకుతుంది, అయితే అది తాతగారి కన్నూ మామగారి ఓపికా ఉంటేనే అయ్యే పని. గుండ్లకమ్మకూ మన వైపు మూసి ఏటికీ మధ్య పుట్టిన ఈ జాతిని బ్రెజిల్ దేశంలో నెల్లూరు పేరుతోనే నెలోర్ అని పిలుస్తారు, ఎందుకంటే ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1960ల మొదట్లో అక్కడికి వెళ్ళిన ఒక ఆంబోతుకు మన కరవది ఊరి పేరే ఉంది. వారు ఆ పశువులకు తల్లీ తండ్రీ వివరాలతో వంశావళి పుస్తకాలు రాసుకొని, తరాల తరబడి ఎంచుకుంటూ, తమ మాంసపు పశుసంపదలో ఎక్కువ భాగానికి దాన్నే ఆధారం చేసుకున్నారు. మనం మాత్రం మన ఆవు తల్లి ఏదో తాతగారిని అడిగి తెలుసుకుంటున్నాము.

అందుచేత ఆరింటినీ అమ్మడం తప్పు, ఆరింటినీ ఉంచడం కూడా తప్పే. ఒక ఏడాది పుస్తకం రాశాక, క్రమం తప్పకుండా ఈనే మూడింటిని తాతగారి చేతనే ఎంపిక చేయించి ఉంచుకోండి. వాటికి మంచి ఒంగోలు వీర్యమే వేయించండి. చదలవాడ పశుక్షేత్రంలోనూ, గుంటూరు దగ్గర లాంలోనూ ఒంగోలు జాతి మీద ఏళ్ళ తరబడి పని జరుగుతున్నది. ఒకసారి తాతగారిని వెంటబెట్టుకొని వెళ్ళి చూసి రండి. వంశం రాతలో ఉన్న పెయ్యను కొనడానికి దూరం నుంచి వస్తారు. రాత లేని పెయ్యకు సంత ధరే.

సంకర ఆవుల విషయంలో నన్ను ఆపుతున్నది మీ బోరు. పెద్ద పశువుకు రోజుకు పాతిక ముప్పై కిలోల పచ్చిమేత, ఐదారు కిలోల ఎండుమేత కావాలి. నీరు పారే ఎకరం సూపర్ నేపియర్ గడ్డి మీద ఐదారు పశువులను నమ్మకంగా మేపవచ్చునన్నది నా అనుభవం. మీ 2 ఎకరాలకు ఇప్పటికే 12 పెద్ద పశువులు ఉన్నాయి, అంటే ఆ భూమి ఇప్పుడే నిండిపోయింది. ఆరు ఒంగోలు ఆవుల స్థానంలో పది సంకర ఆవులు వస్తే మే నెలలో, బోరులో నీరు తగ్గే రోజుల్లోనే, వాటికి పచ్చిమేత మరింత కావాలి. మన ఎండలకు ఆ ఆవులు ఎగపోస్తూ మేత తగ్గిస్తాయి, వేసిన సూది నిలవదు. దాణా కూడా దేహపోషణకు కిలో నుంచి కిలోన్నర పోగా, ఆవుకు ప్రతి రెండున్నర లీటర్లకు, గేదెకు ప్రతి రెండు లీటర్లకు ఒక్కో కిలో చొప్పున పెరుగుతుంది. గేదెకు దాణా ఎక్కువే అయినా వెన్నశాతం చూసి డబ్బిచ్చే కేంద్రంలో దాని పాలు ఆ లోటు పూడుస్తాయి. అమ్మిన ఒంగోలు ఆవుల స్థానంలో ముర్రా రక్తం ఉన్న గేదెలను రెండేసి చొప్పున, ఆరు నెలల ఎడంతో తెచ్చుకుంటే ఏడాది పొడుగునా పాలు ఉంటాయి, దెబ్బ తగిలినా చిన్నదిగా తగులుతుంది.

మేత గురించి ఇంకొక మాట. మీ ఇంటి వరిగడ్డిని, కొనే గడ్డిని ఊరికే వేయకండి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచితే గడ్డి మెత్తబడి, పశువు ఎక్కువగా తింటుంది, మాంసకృత్తులూ పెరుగుతాయి. పెట్టేముందు కాసేపు ఆరనివ్వాలి. ఆరు నెలలలోపు దూడలకు పెట్టకూడదు. యూరియా కలిపిన నీళ్ళ బకెట్టు పశువు మూతికి అందే చోట ఒక్క నిమిషం కూడా వదలకూడదు. శనగ పొట్టు మీ వైపు దొరుకుతుంది, పట్టుకోండి. వానలేక గిడసబారిన లేత జొన్నలోకి పశువును వదలవద్దని కాపరికి రోజూ చెప్పండి, నాము విషం క్షణాల మీద చంపుతుంది.

నిజానికి మీ ఇంటికి చేతి డబ్బు వచ్చేది గొర్రెల నుంచే అని నా అంచనా. మీ ప్రశ్నలో వాటికి ఒక్క వాక్యమే దక్కింది. గొర్రె అయిదు నెలలకు ఈనుతుంది, వరికోతల తరువాత మాగాణి పొలాలు మేపునిస్తాయి, రైతు మంద కట్టించుకొని ఎదురు ధాన్యమో డబ్బో ఇస్తాడు. టీకాల క్రమం నేను పాటించేది ఇది. చిటుకు రోగానికి వానలకు ముందు, పిల్లలకు రెండు వారాల తరువాత మరొక మోతాదు. మూడు నెలలు దాటిన పిల్లలకు పి.పి.ఆర్. (పారుడు రోగం) టీకా; ఏటా బొబ్బరోగానికి; వానల ముందు నీలినాలుకకు. పెద్ద పశువులకు ఆరు నెలలకొకసారి గాలికుంటు, వానలకు ముందు గొంతువాపు, జబ్బవాపు టీకాలు. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా జీవితంలో ఒకసారి. ఈ చివరిదాన్ని తేలికగా తీసుకోవద్దు. ఈసుకుపోయిన, అంటే నెలలు నిండకుండానే దూడను వేసిన, గేదె మావిని వట్టి చేతులతో తీసినా, పచ్చిపాలు తాగినా ఆ జబ్బు మనుషులకు అంటుతుంది, నెలల తరబడి జ్వరంతో, కీళ్ళ నొప్పులతో పీడిస్తుంది. మీ ఇంట్లో పిల్లలకు గుమ్మపాలు తాగించే అలవాటు ఉంటే మాన్పించండి. దీని మీద మాత్రం అత్తగారితో పట్టుబట్టినా తప్పులేదు. సంతలో కొన్న జీవాన్ని మూడు వారాలు విడిగా కట్టకుండా మందలో కలపకండి.

డబ్బు విషయానికి వస్తే, పాల బిల్లు ఎవరి ఖాతాలో పడుతున్నదో ముందు చూడండి. చాలా ఇళ్ళలో పిండేది అత్తాకోడళ్ళు, పడేది మామగారి ఖాతాలో. మా ఇంట్లో నెలాఖరున పాల డబ్బులో నుంచి ముందుగా దాణా బాకీ తీర్చి, మిగిలినదానిలో అత్తగారికీ నాకూ చెరొక చిన్న జీతం రాసుకునేవాళ్ళం. అది ఎంతన్నది కాదు, అడిగే పని లేకపోవడమే ఊరట. మేత, దాణా, మందుల ఖర్చుకు పశుపోషకులకూ కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా హామీ లేకుండా ఇస్తారు, గడువులో కడితే వడ్డీ రాయితీ కలిసి 4 శాతమే పడుతుంది. అది పశువును కొనడానికి కాదు, నడపడానికి. గొర్రెల యూనిట్లకు జాతీయ పశుసంపద మిషన్ కింద 50 శాతం మూలధన రాయితీ ఉన్నది, అయితే రాయితీని చూసి మందను పెంచినవారు మేపు చాలక తెగనమ్ముకోవడం నేను చూశాను. బీమా చేయిస్తే చెవిపోగు ఊడిన రోజే ఆసుపత్రికి చెప్పి మళ్ళీ వేయించి, నంబరు రాయించండి. పాము కరిచి చనిపోయిన మా గేదెకు చెవిపోగు లేదని ఒక బీమా కంపెనీ పైసా ఇవ్వలేదు. పోగు ఊడి అప్పటికి నెలయింది, మేము రేపు రేపంటూ గడిపాము.

మీరు అడగలేదు గాని చెప్పక తప్పనిది భూమి. కొత్త కొట్టం కట్టాలంటున్నారు. మామగారి పేరున, లేదా తాతగారి పేరున ఉన్న స్థలంలో మీ భర్త చెన్నైలో కూడబెట్టిన డబ్బు పోసి కడితే, రేపు అది ఎవరిదన్న మాట వస్తుంది. మన రాష్ట్రం 1986లో చేసిన సవరణ, దేశమంతటికీ 2005లో వచ్చిన సవరణ తరువాత పిత్రార్జితంలో ఆడపిల్లకూ మగపిల్లవాడితో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది. మీ ఆడపడుచులను పిలవకుండా ఈ విషయం తేలదు. పెద్దవారిని ఒత్తిడి చేసి గిఫ్టు దస్తావేజు రాయించుకోకండి. చూసుకుంటామన్న షరతు మీద రాయించుకొని చూడకపోతే 2007 నాటి వయోవృద్ధుల చట్టం కింద దాన్ని రద్దు చేయించవచ్చు, చేయించినవారిని నేను ఎరుగుదును. కొట్టానికి పెట్టిన ఖర్చు మీ భర్తదని, పంపకాలప్పుడు దాన్ని ముందుగా తీసివేయాలని అందరి సంతకాలతో ఒక ఒప్పందం రాసుకొని, వకీలుకు చూపించి, రిజిస్టరు అవసరమంటే చేయించండి. కొట్టం దాని తరువాతనే మొదలుపెట్టండి.

మీ ఇద్దరి సంగతి ఒకటుంది. పశువులకు ఆదివారం లేదు గనుక మనుషులకూ లేదన్నట్టు బతికి మేము పదేళ్ళు పెళ్ళిళ్ళకు కూడా విడివిడిగా వెళ్ళాము. వారంలో ఒక పూట పాలు మామగారూ పాలేరూ చూసుకునేటట్టు ఇప్పుడే మాట్లాడుకోండి. పుస్తకంలో అన్నీ ఉంటే ఏ గేదెకు ఎంత దాణా పెట్టాలో ఫోను చేసి అడగవలసిన పని వారికి ఉండదు.

రేపు ఉదయం పాలు కేంద్రానికి పంపాక, తాతగారికి కొట్టంలో మంచం వేయించి, పుస్తకం పట్టుకొని పక్కన కూర్చోండి. అమ్మకం మాట ఎత్తవద్దు. ఒక్కొక్క ఆవును చూపించి, దీని తల్లి ఏది, ఆ తల్లి ఎవరి ఇంటి నుంచి వచ్చింది, దాన్ని ఏ ఆంబోతుకు కట్టించారు అని అడిగి, ఆయన చెప్పినది చెప్పినట్టు రాయండి. ఒక్కో ఆవుకు మూడు నాలుగు తరాల దాకా చెబుతారు, మధ్యలో మీ పెళ్ళికి ముందటి సంగతులూ చెబుతారు, అవీ వినండి. ఆరు ఆవులకూ రెండు మూడు ఉదయాలు పడుతుంది.